పట్టా భూమి మీదే, పంది మాత్రం మీది కాదు

ప్రశ్న: అయ్యా, మాది ఎర్రావారిపాళెం మండలం. కొండ కింద మూడెకరాల్లో చెనక్కాయ వేసినాను. పైరుకు 65 దినాలు. వారం నుంచి అడవి పందులు రాత్రిపూట దిగి సాళ్లకు సాళ్లు తవ్వేస్తా ఉండాయి. మన భూమిలోకి వచ్చిన పందిని కొట్టుకోవచ్చని కొందరు, బోరు కాడ్నుంచి కరెంటు తీగ లాగమని కొందరు అంటా ఉండారు. ఏం చేసేది?

జవాబు: రెండూ వద్దు. భూమి పట్టాదైనా అందులోకి వచ్చిన అడవి పందిని మీ అంతట మీరు చంపడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది ఇప్పుడు రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. 2022 సవరణకు ముందు మూడో షెడ్యూలులో ఉండేది. ఈ చట్టంలో వేట అంటే తుపాకితో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నినా, విషం కలిపిన ఎర పెట్టినా, పంది పడకుండా తప్పించుకుపోయినా వేటే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ‘బీహారులో కొట్టుకోనిచ్చారంట’ అనే మాట మీ ఊళ్లోనూ వినే ఉంటారు. 62వ సెక్షను కింద కేంద్రం 2015-16లో బీహారు, ఉత్తరాఖండ్‌లలో పేర్కొన్న జిల్లాలకు, ఏడాది గడువుతో ఇచ్చిన వెసులుబాటు అది. మనకు పనికిరాదు.

చట్టం మూసేయని దారి ఒకటుంది. నిలబడి ఉన్న పంటకు ప్రమాదంగా మారిన జంతువును వేటాడటానికి 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. సర్వే నంబరు, ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) వివరాలు, నష్టం ఫొటోలు జోడించి మీ ఫారెస్టు రేంజి అధికారికి అర్జీ పెట్టండి. ఉత్తర్వులో పేరున్నవాళ్లే, అందులో రాసిన షరతుల ప్రకారమే కాల్చాలి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, పంచుకుని వండుకోకూడదు. అయితే ఒకటి చెప్పాలి: ఆడపంది సుమారు 115 రోజులు చూలు మోసి ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు వేస్తుంది. ఒకటి రెండింటిని కాలిస్తే వాటి చోటు ఖాళీగా ఉండదు. అనుమతి కోసం ఎదురుచూస్తూ కంచె పని ఆపుకోవద్దు.

కరెంటు తీగ సంగతి. ‘మనిషి తగిలితే ఫ్యూజు పోతుందిలే’ అన్న ధీమాయే చంపుతుంది. 230 వోల్టుల తీగ తగిలితే ఒంట్లోంచి పోయే కరెంటు ఆంపియరులో నాలుగో వంతు కూడా ఉండదు. ప్రాణం తీయడానికి అందులో సగం చాలు. మోటారు ఫ్యూజు ఎగరాలంటే 15, 20 ఆంపియర్లు కావాలి. అంటే మనిషి గిలగిలా కొట్టుకుంటున్నా ఫ్యూజుకు తెలియదు. పైగా ఆ కరెంటు ఆగకుండా పారుతుంది కాబట్టి కండరాలు బిగుసుకుపోయి తీగ వదలదు. అర్ధరాత్రి మోటారు వేయడానికి పోయే పక్క కయ్య రైతు, మేతకు తోలిన ఆవు, దారి మారిన ఏనుగు, అన్నీ దానికి ఒకటే. ఏనుగు మొదటి షెడ్యూలు జంతువు, ఆ కేసు ఇంకా బరువైనది. బైకు క్లచ్చి వైరు ఉచ్చుల్లో చిరుతలు పడతాయి. పండులో పెట్టే నాటుబాంబును పంది కంటే ముందు ఆవో కుక్కో కొరుకుతుంది.

సోలారు కంచె వేరే జాతి. అందులో వోల్టేజి 5 వేల నుంచి 10 వేల దాకా ఉన్నా, దెబ్బ సెకనుకు ఒక్కసారి, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపే ఉంటుంది. పంది ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. ఆ దెబ్బను కొలిచి వదిలేది ఎనర్జైజరు పెట్టె. దాన్ని తీసేసి ఇన్వర్టరును నేరుగా తీగకు కలిపితే అది మళ్లీ మనిషిని చంపే కంచే.

పందికి కంటిచూపు అంతంత మాత్రం, లోకమంతా ముక్కుతోనే. ఆ తడి ముక్కుకే తీగ తగలాలి. అందుకే మొదటి తీగ నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున, రెండోది 40, మూడోది 65 వద్ద లాగండి. మొదటి తీగ అడుగున్నర పైకి పోతే పిల్లలు కిందినుంచి దూరతాయి, వెనకే తల్లి మూతితో మట్టి తోసుకుని వస్తుంది. వంకలు, పల్లాలు ఉన్నచోట తీగ నేలను వదిలేస్తుంది. అక్కడ అదనంగా ఒక గుంజ పాతి తీగను కిందికి దించాలి. మిగతాచోట ఐదు మీటర్లకొక గుంజ సరిపోతుంది. మూలగుంజలకు ఊతకర్రలు తప్పనిసరి.

ఎక్కువ కంచెలు చెడేది ఎర్తింగు దగ్గరే. ఐదడుగుల జీఐ రాడ్లు మూడు, ఒక్కొక్కటి పదడుగుల ఎడంతో, బొగ్గు, ఉప్పు వేసి దిగ్గొట్టండి. మోటారు ఎర్తింగుకు కనీసం పది మీటర్లు దూరం ఉండాలి. మన ఎర్రచెక్కు నేల ఎండితే కరెంటు తిరిగి రావడం తగ్గిపోతుంది కాబట్టి వానల్లేనప్పుడు రాడ్ల మొదట్లో నీళ్లు పోస్తూ ఉండాలి. కంచె వోల్టేజి కొలిచే టెస్టరు పెడితే చిట్టచివర కూడా 4 వేల వోల్టులు చూపాలి. తగ్గిందంటే తొంభైపాళ్లు గడ్డి తీగకు తగులుతోందనే అర్థం. తీగ కింద జానెడు వెడల్పు నేల ఎప్పుడూ చెక్కి ఉంచండి.

ఖర్చు దగ్గర ఒక లెక్క చూడండి. చతురస్రంగా ఉన్న మూడెకరాల చుట్టుకొలత 440 మీటర్లు. మూడు వరుసలకు 1,320 మీటర్ల తీగ, రెండున్నర మిల్లీమీటర్ల మందమైతే సుమారు 51 కిలోలు. అదే నలుగురు రైతుల పన్నెండెకరాలు ఒకే చెక్కగా కలిస్తే చుట్టుకొలత 880 మీటర్లే. భూమి నాలుగింతలు, కంచె రెండింతలు, ఎనర్జైజరు ఒక్కటే. ఒంటరిగా వేసుకుంటే పందులు పక్క కయ్యకు పోతాయి, పక్కాయనకూ మీకూ చెడుతుంది.

కంచె పడేలోపు ఈ వారానికి: లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల గుడ్డుసొన కలిపి చేను చుట్టూ అడుగు వెడల్పున నేల మీద చల్లండి. వాన పడితే మళ్లీ చల్లాలి. గంధకం, పందికొవ్వు కలిపి పూసిన కొబ్బరితాళ్లను అడుగు ఎడంతో మూడు వరుసలు కట్టండి. పాత చీరలు, తలవెంట్రుకలు కొన్నాళ్లే. పందులు వాటికి అలవాటు పడతాయి. వారానికొకటి మారుస్తూ పోతేనే ఉపయోగం. మంచె కాపలాకు ఇద్దరు తక్కువ కాకుండా ఉండండి. పిల్లల తల్లిని, గాయపడినదాన్ని వెంబడించొద్దు, ఎదురు తిరుగుతుంది. పక్కన చెరకుతోట, కంపచెట్ల పొదలు ఉంటే పగలు మకాం అక్కడే. గెనిమ మీది కంప ముందు కొట్టించండి.

వచ్చే ఏడాది చేను చుట్టూ నాలుగు వరుసల ఆముదం వేయదలిస్తే చెనక్కాయకు మూడు నాలుగు వారాల ముందే విత్తాలి. రెండూ ఒకేసారి విత్తితే, పందులు మొలకెత్తే గింజల కోసం సాలు వెంట దిగేనాటికి ఆముదం అడ్డుగా నిలబడే ఎత్తుకు రాదు.

తవ్విన చోటును సరిచేయకముందే తేదీ, స్థలం పడేలా ఫొటోలు తీసి రైతు సేవా కేంద్రంలోనూ అటవీ శాఖలోనూ పరిహారానికి అర్జీ ఇవ్వండి. 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో (కేంద్ర పంట బీమా పథకం) అడవి జంతువుల నష్టాన్నీ చేర్చారు. రాష్ట్రం ప్రకటించే జంతువుల, జిల్లాల జాబితాలో మనది ఉందో లేదో ప్రీమియం కట్టేటప్పుడే అడగండి. ఉంటే నష్టం జరిగిన 72 గంటల్లో పంట బీమా యాప్‌లో నమోదు చేయాలి.

పీకిన చెనక్కాయ కట్టెను మాత్రం కంచె బయట కుప్ప వేసి ఒక్క రాత్రి కూడా వదలకండి.