డిజైన్ చదువుతూ హాబీ కొనసాగించవచ్చా: నా అనుభవం

ఇంటర్ తర్వాత డిజైన్ కోర్సులో చేరబోతున్న ఒక విద్యార్థి రెండు సంగతులు అడిగారు: అసైన్‌మెంట్ల మధ్య సొంత హాబీలకు సమయం మిగులుతుందా, మిగిలినా అవి పోర్ట్‌ఫోలియోకు (మన పనుల నమూనాలు చూపే పుస్తకానికి) ఏమైనా పనికొస్తాయా అని. నేను హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, ముద్రణ వంటి వాటికి బొమ్మలు, అక్షరాలు గీయడం నేర్పే డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతున్నాను. మా సొంతూరు గుడివాడ దగ్గర ఒక పల్లె. సమయం మిగలదని ముందే చెప్పేస్తున్నాను. అయినా హాబీని, అందులోనూ చేత్తో చేసే హాబీని, మానుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నాకు డిజైన్ అంటే ఏమిటో తరగతి గదిలో కంటే కుంచె పట్టుకుని తెలుగు అక్షరాలు రాసేటప్పుడే బాగా తెలిసింది.

బడికి వెళ్లే రోజుల నుంచీ నాకు రాతల మీద ఇష్టం. కిరాణా కొట్ల బోర్డులు, ఎన్నికలప్పుడు గోడల మీద కనిపించే పేర్లు, ఆర్టీసీ బస్సుల ఊరి పేర్లు, లారీల నుదుటి మీద రంగులతో రాసిన దేవుళ్ల పేర్లు చూసి నోటుపుస్తకం వెనక పేజీల్లో దించుకునేదాన్ని. అప్పటికే ఫ్లెక్సీలు వచ్చి చేతిరాత బోర్డులు పలచబడిపోతున్నాయి. అయినా మా వైపు లారీల మీద ఆ రాత ఇంకా నిలిచి ఉంది, దానికి పెద్ద బడి విజయవాడ ఆటోనగర్.

పోయిన వేసవి సెలవుల్లో మా పెదనాన్న తన లారీకి కొత్త బాడీ కట్టించడానికి ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పెట్టారు. నేను వెంటపడి వెళ్లాను. ఒక పక్క వడ్రంగులు చెక్క పలకలు బిగిస్తుంటే, ఇంకో పక్క వెల్డింగు వెలుగులు, రేకు కొట్టే చప్పుడు, వాటన్నిటి మధ్య ఒక పెద్దాయన ఎవరితోనూ మాట్లాడకుండా క్యాబిన్ పైభాగాన్ని గుడ్డతో తుడుస్తూ కనిపించారు. ఆయనే పెయింటరు. రాయవలసింది 'శ్రీ లక్ష్మీ నరసింహ స్వామి ప్రసన్న'. ఆయన దారానికి సుద్ద పట్టించి, రెండు కొసలూ బిగించి లాగి వదిలి, రేకు మీద రెండు గీతలు వేశారు. ఆ తర్వాత వాటి కింద బెత్తెడు వదిలి మూడో గీత, పైన అంతకంటే తక్కువ ఎడంతో నాలుగో గీత వేశారు. ఆ పై గీత ఎందుకని నేనడిగాను.

"గుడి ఎక్కడ కడతావమ్మా, గాల్లోనా?" అన్నారు. తర్వాత, "అమ్మాయ్, ముందు శ్రీ రాసుకోవాలి. దాని నెత్తీ, దాని కాలూ సరిపోతే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి" అన్నారు.

ఆ మాట నాకు ఒక సెమిస్టర్ పాఠం కంటే ఎక్కువ నేర్పింది. శ్రీ అనే ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, మధ్యలో శకారం, కింద రకారపు ఒత్తు, మూడు అంతస్తులూ ఉన్నాయి. దాన్ని గీతల మధ్య కుదిర్చితే మొత్తం వరుస ఎత్తు తేలిపోతుంది. ఆ తర్వాత గడ్డు చోటు 'క్ష్మీ', అక్కడ క కింద ష ఒత్తు, దానితో పాటు మ ఒత్తు, పైన మళ్లీ గుడిదీర్ఘం. ఆయన క అక్షరాన్ని కొంచెం చిన్నదిగా రాసి రెండు ఒత్తులనూ మూడో గీత దాటకుండా పక్కపక్కన ఇరికించారు, అయినా చూసేవారికి ఎక్కడా ఇరుకు కనిపించలేదు. ఎడమ చేతిలో ఒక సన్నకర్ర పట్టుకుని, దాని కొసను రేకుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి రాస్తున్నారు. ఎనామిల్ రంగు తొందరగా ఆరదు కాబట్టి పొరపాటున చెయ్యి తగిలితే అక్షరం చెదిరిపోతుంది. ఆ కర్ర ఉన్నది అందుకే.

చివర 'ప్రసన్న' మిగిలింది. "నువ్వు రాస్తావా?" అని కుంచె నా చేతికిచ్చారు. మా పెదనాన్న ఒక్క క్షణం ఆయన వైపూ నా వైపూ చూసి, "రాయనీండి బాబాయి గారూ" అన్నారు. ఆ పదంలో మూడే అక్షరాలు, కానీ 'ప్ర' కింద రకారపు ఒత్తు ఎడమకు లాగుతుంది, చివరి 'న్న' కింద నకారపు ఒత్తు కుడికి లాగుతుంది, మధ్యలో స కింద ఏ ఆధారమూ లేకుండా ఒంటరిగా నిలబడుతుంది. మూడింటినీ సమాన దూరంలో రాస్తే కంటికి అవి సమానంగా కనిపించవు. ఆయన సుద్దముక్కతో స చోటును కొంచెం ఎడమకు జరిపి చూపించారు, నేను అక్కడే రాశాను. అక్షరం లోపలి ఖాళీనీ, అక్షరాల మధ్య ఖాళీనీ కలిపి చూడడం నాకు అక్కడ అలవాటయింది. తర్వాత పసుపు అక్షరాలకు ఒకే వైపున ఎర్రని నీడ వేస్తూ, వెలుగు ఎటు నుంచి పడుతుందో మొదటి అక్షరంలోనే తేల్చుకుని చివరిదాకా మార్చకూడదని కూడా చెప్పారు.

ఇదంతా పోర్ట్‌ఫోలియోకు పనికొస్తుందా అంటే, నా విషయంలో నేరుగా పనికొచ్చింది. లారీ రాతల ఆధారంగా నేను ఈ ఏడాది ఒక తెలుగు అక్షరమాల గీస్తున్నాను. రోమన్ అక్షరాలకు ఫాంటు చేయడం వేరు, తెలుగుకు చేయడం వేరు. హల్లులు, వాటి తలకట్లు, గుణింతపు గుర్తులు, ఒత్తులు అన్నీ విడివిడిగా గీయాలి, ఆ తర్వాత ఏది దేనితో ఎలా కలవాలో ఫాంటుకు నియమాలు రాయాలి. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలను నిల్వ చేసుకునే సంకేతాల పద్ధతిలో) 'క్ష' అనేది క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగానే నిల్వ ఉంటుంది. దాన్ని ఒక్క రూపంగా చూపించే బాధ్యత ఫాంటుదీ, దాన్ని తెర మీద అమర్చే సాఫ్ట్‌వేర్‌దీ. ఇది తెలియని చోట 'ప్రారంభోత్సవం' కాస్తా 'ప్‌రారంభోత్‌సవం' అయి ఫ్లెక్సీ మీద పది అడుగుల ఎత్తున నిలబడుతుంది. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకుంటే పోయే తప్పు అది. ఎవరో అప్పుచేసి పెట్టించిన కొట్టు బోర్డులో అక్షరాలు విరిగి ఉండడం చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే డబ్బు తీసుకున్నవారు ఆ ఒక్క సెట్టింగు చూసి ఉండాల్సింది.

మా తరగతుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. టైపోగ్రఫీ (అచ్చక్షరాల రూపం, అమరిక) పేపరులో 1957 నాటి హెల్వెటికా అనే రోమన్ అక్షరాల ఫాంటు గురించి వారాల తరబడి చదువుతాం, రోమన్ పెద్దక్షరాల కొలతలు చేత్తో గీస్తాం, కానీ తెలుగు అక్షరానికి కేటాయించేది ఒక్క పూట. ప్రాజెక్టులన్నీ ఇంగ్లీషు పేర్ల కాఫీ కొట్లకూ, ఊహాజనిత యాప్‌లకూ లోగోలు చేయమనే. బాపు (1933-2014) చేతిరాత తెలుగు ముద్రణ రూపాన్నే మార్చింది, ఆ రాత ఆధారంగా ఫాంట్లు వచ్చాయి, తెలుగునాట డిజైన్ చదివే ప్రతి విద్యార్థీ ఆ అక్షరం వంపును ఒక్కసారైనా చేత్తో దించి చూడాలని నా అభిప్రాయం. ఇప్పుడు మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి ఫాంట్లు ఎవరైనా ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అవి దొరకడం గొప్ప సౌకర్యం, కానీ ఎవరో గీసిన అక్షరాన్ని ఎంచుకోవడంతోనే సరిపెట్టుకున్న విద్యార్థికి ఒత్తు ఎందుకు అక్కడే కూర్చుంటుందో ఎప్పటికీ తెలియదు.

ఇక సమయం సంగతి. హాస్టల్లో సాయంత్రాలు మన చేతిలో ఉండవు, గదిలో నలుగురం, సబ్మిషన్ వారంలో నిద్రే ఉండదు. నేను ఆదివారం ఉదయాలను మాత్రం ఎవరికీ ఇవ్వను. ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరిచే రోజు అది. పాత తెలుగు వారపత్రికలు దొరికితే కథల శీర్షికల రాత కోసమే కొంటాను. అక్కడి నుంచి నడుచుకుంటూ కోఠీ, సుల్తాన్ బజార్ వైపు వెళ్తే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే బోర్డు మీద కనిపిస్తాయి. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది, తెలుగు ఎడమ నుంచి మొదలవుతుంది, ఆ రెండింటినీ ఒకే పలక మీద ఎవరూ చిన్నబోకుండా ఇమిడ్చిన పాత పెయింటర్ల లెక్క నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

సమయాన్ని మింగేది నిజానికి హాబీ కాదు, చుట్టాలు అడిగే ఉచిత పని. డిజైన్ చదువుతున్నానని తెలిసిన రోజు నుంచి పిన్నులు, అత్తయ్యలు, నాన్నగారి స్నేహితులు శుభలేఖల కోసం ఫోన్ చేస్తారు, అదీ రేపటికే కావాలంటారు. శుభలేఖ తేలిక పని కాదు. 'చి.' పక్కన వరుడి పేరు, 'చి.ల.సౌ.' పక్కన వధువు పేరు పొడవులో ఒకటి కాకపోయినా బరువులో సమానంగా కనిపించాలి, నాలుగు మూలలా పసుపు పెట్టడానికి చోటు వదలాలి, ముహూర్తం చదవడానికి పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోకూడదు. దగ్గరివాళ్లకు ప్రేమగా చేసిపెడతాను, మిగతావాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటాను, గడువు నేనే చెబుతాను. మీరూ మొదటి సంవత్సరం నుంచే అలా చెప్పండి. ఆ మాట చెప్పలేని స్నేహితులు కొందరు సెలవులన్నీ బ్యానర్లలోనే పోగొట్టుకోవడం నేను చూశాను.

పోర్ట్‌ఫోలియోలో హాబీని చివరి పేజీలో 'ఇతర ఆసక్తులు' అని ఒక వరుసలో పడేయకండి. దానికి నాలుగైదు పేజీలు ఇచ్చి, సుద్దగీతల దశ నుంచి పూర్తయిన రాత వరకు ఫోటోలు వరుసగా పెట్టండి, వదిలేసిన ప్రయత్నాలను కూడా చూపించండి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. సీనియర్లు చెప్పిన ప్రకారం ఇంటర్వ్యూల్లో ఎక్కువ ప్రశ్నలు ఆ పేజీల మీదే వస్తాయి, అది నేను పూర్తిగా నమ్ముతాను. పని నేర్పినవారిని అడిగి, వారు సరేనంటే వారి పేరు కూడా ఆ పేజీలోనే, మీ పేరు అచ్చువేసిన సైజులోనే వేయండి.