ఆరేళ్ల నుంచా, ఆరేళ్లుగానా?

ఇంగ్లిషు మాటల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ఈ ఊళ్లో ఎంతకాలంగా ఉంటున్నారని అడిగితే ‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ సిక్స్ ఇయర్స్’ అన్నాను. అడిగినవారు నవ్వి ఊరుకున్నారు. ‘సిన్స్’, ‘ఫర్’ ఎక్కడ వాడాలో బళ్లో బట్టీ పట్టిన సూత్రం ఇప్పటికీ గుర్తుంది, పరీక్షల్లో ఎన్నడూ మార్కు పోలేదు. మాట్లాడేటప్పుడే ఎందుకు తప్పుతోంది? – ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఈ పొరపాటుకు మూలం మన ‘నుంచి’లో ఉంది. ‘ఆరేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం’ అంటాం, ‘చిన్నప్పటి నుంచి ఇక్కడే ఉంటున్నాం’ అని కూడా అంటాం. ఆరేళ్లు అనేది కాలం పొడవు, చిన్నతనం అనేది ఆ కాలం మొదలైన చోటు. అయినా తెలుగు రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టుకుంటుంది. ఇంగ్లిషు పొడవుకు ‘ఫర్’, మొదలుకు ‘సిన్స్’ అని విడదీస్తుంది. పరీక్ష కాగితంలో ఖాళీ పక్కనే సంవత్సరమో రోజుల లెక్కో కళ్లకు కనబడుతుంది కనుక సూత్రం గుర్తుకొస్తుంది. మాట్లాడేటప్పుడు మనసులో ముందు తెలుగు వాక్యం మెదిలి, అందులోని ‘నుంచి’ వెంటనే ‘సిన్స్’ను నోటికి తెస్తుంది.

దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ఆ చోట ‘గా’ పెట్టి చూడండి. ‘ఆరేళ్లుగా’, ‘మూడు రోజులుగా’, ‘చాలాకాలంగా’ అన్నవి చక్కగా పలుకుతాయి కనుక అక్కడ ‘ఫర్’ రావాలి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి నడుస్తోందని అంటాం గానీ ‘1954గా నడుస్తోంది’ అని ఎవరూ అనరు. తిరుపతి 2022 ఏప్రిల్ 4 నుంచి ప్రత్యేక జిల్లా అన్న వాక్యంలోనూ ‘గా’ ఇమడదు. అటువంటి చోట ‘సిన్స్’ వాడాలి. ‘సోమవారం నుంచి’, ‘నిన్నటి నుంచి’, ‘పెళ్లయినప్పటి నుంచి’ అన్నవన్నీ ఈ కోవలోనివే. ఒక్క చిక్కు మాత్రం ఉంది. ‘రేపటి నుంచి సెలవులు’ అన్నప్పుడు కూడా ‘గా’ కుదరదు, కానీ రాబోయే కాలానికి ‘సిన్స్’ పనికిరాదు కనుక అక్కడ ‘ఫ్రమ్’ అనాలి. అంటే మన ‘నుంచి’ ఇంగ్లిషులో మూడు వేషాలు వేస్తోందన్నమాట.

మీ వాక్యంలో రెండో తప్పు క్రియలో ఉంది. తెలుగులో ‘ఉంటున్నాను’ అంటే చాలు; ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లిషు ‘హ్యావ్ బీన్’ కోరుతుంది. ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్’ అని ఉండాల్సింది. నాలుగు రోజులు బంధువుల ఇంట్లో ఉండడాన్ని ‘స్టే’ అంటారు గానీ ఆరేళ్ల కాపురానికి ‘లివ్’ అన్నదే నప్పుతుంది.

ప్రశ్న: అలిపిరి దారికన్నా శ్రీవారి మెట్టు దారిలో మెట్లు తక్కువ అన్న వాక్యాన్ని పిల్లలకు అనువాదానికి ఇచ్చాను. నేను ‘ఫ్యూయర్ స్టెప్స్’ సరైనదంటే, ఇంగ్లండువాళ్లే ‘లెస్’ అంటున్నారని తోటి ఉపాధ్యాయుడు వాదిస్తున్నారు. మీరే తీర్పు చెప్పండి. – ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: పరీక్షకు, రాతకు మీ మాటే నిలుస్తుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయని ఎంచి చెప్పగలుగుతున్నాం కనుక అవి ‘ఫ్యూయర్’. ఎక్కడానికి పట్టే సమయం, పడే శ్రమ ‘లెస్’. మన ‘తక్కువ’ ఈ తేడాను పట్టించుకోదు గానీ మన ప్రశ్నలు పట్టించుకుంటాయి. ‘ఎన్ని మెట్లు’ అని అడుగుతాం, ‘ఎంత సమయం’ అని అడుగుతాం. ‘ఎన్ని’ వచ్చేచోట ‘ఫ్యూయర్’, ‘ఎంత’ వచ్చేచోట ‘లెస్’ అని పిల్లలకు చెబితే, ఎంచదగిన నామవాచకాలు, ఎంచరాని నామవాచకాలు అంటూ పట్టిక వేయించే బాధ చాలావరకు తప్పుతుంది.

చాలావరకు అనడానికి కారణం ఉంది. మనుషుల విషయంలో మనం ‘ఎంతమంది’ అంటాం, ఇంగ్లిషు అక్కడ ‘ఫ్యూయర్’ అంటుంది. దూరానికీ డబ్బుకూ ‘ఎన్ని కిలోమీటర్లు’, ‘ఎన్ని రూపాయలు’ అంటాం, ఇంగ్లిషు వాటిని విడివిడిగా ఎంచకుండా ఒక్క మొత్తంగా తీసుకుని ‘లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్’, ‘లెస్ దాన్ ఎ హండ్రెడ్ రుపీస్’ అంటుంది. ఈ రెండూ విడిగా నేర్పవలసిందే.

మీ తోటి ఉపాధ్యాయుడి వాదనను మాత్రం కొట్టిపారేయకండి. ఎంచదగినవాటికి ‘లెస్’ వాడడం ఇంగ్లిషులో చాలా పాత అలవాటు. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత అటువంటి చోట ‘ఫ్యూయర్’ అయితే బాగుంటుందని తన అభిరుచిగా రాశాడు. తరవాతి వ్యాకరణాలు ఆ అభిరుచిని శాసనం చేశాయి. కాబట్టి ఆయన విన్నది నిజమే, మీరు దిద్దిందీ న్యాయమే.

ప్రశ్న: మా దుకాణం రసీదుల మీద ‘డోంట్ లూజ్ దిస్ స్లిప్’ అని అచ్చు వేయించాం. ఒక గిరాకీ చూసి ఆ మాటలో ‘ఓ’ అక్షరం ఒకటే ఉండాలన్నారు. నిజమేనా? – ఒక దర్జీ, పలమనేరు

జవాబు: నిజమే. ఒక ‘ఓ’ ఉన్న మాటకు పోగొట్టుకోవడం అని అర్థం, రెండు ‘ఓ’లు ఉన్నదానికి వదులు అని అర్థం. ఇంగ్లిషులో పోగొట్టుకోవడం చివర ‘జ’ వంటి ధ్వని, వదులు చివర ‘స’ పలుకుతాయి. మనం వదులుకు ‘లూజు’ అన్న మాటను తెచ్చుకుని, ‘చొక్కా లూజైంది’, ‘నట్టు లూజైంది’ అంటూ ‘స’ను ‘జ’ చేసేశాం. మీ వృత్తిలో రోజుకు పదిసార్లు అనే మాట కనుక చెయ్యి అటే పోవడంలో వింత లేదు. నిజానికి ఆ ధ్వని మన ‘జ’ కూడా కాదు. ‘జ’ పలికేటప్పుడు నాలుక అంగిటిని తాకి విడుస్తుంది, ఇంగ్లిషు ధ్వనిలో తాకకుండానే తుమ్మెద రొదలాగా గాలి సాగుతుంది. ‘అడ్వైస్’ అంటే సలహా, ‘అడ్వైజ్’ అంటే సలహా ఇవ్వడం అన్న జంటలోనూ ఇదే తేడా. ‘ప్రాక్టీస్’కు ఉచ్చారణ ఒక్కటే, బ్రిటిష్ రాతలో నామవాచకానికి ‘సి’, క్రియకు ‘ఎస్’ రాస్తారు, అమెరికావాళ్లు రెండింటికీ ‘సి’ రాస్తారు.

ప్రశ్న: ‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ తేడా క్లుప్తంగా చెప్పండి. – ఒక రైతు, పుత్తూరు

జవాబు: మొదటిది సాధారణంగా క్రియ, రెండోది నామవాచకం. మనవాళ్లు రెండింటినీ ‘ఎఫెక్ట్’ అనే పలుకుతారు కాబట్టి మాటలో తప్పు బయటపడదు, రాతలో పడుతుంది. అంతకన్నా తరచుగా కనిపించే తప్పు ‘ఆన్’ది. అకాలవర్షం మామిడి మీద ప్రభావం చూపిందన్న తెలుగు వాక్యంలోని ‘మీద’ను మోసుకెళ్లి ‘ది రెయిన్ అఫెక్టెడ్ ఆన్ ది క్రాప్’ అని రాస్తున్నారు. ‘ఆన్’ నామవాచకంతోనే వస్తుంది, క్రియకు అక్కర్లేదు. ‘ది రెయిన్ అఫెక్టెడ్ ది క్రాప్’ అంటే సరిపోతుంది.