మెటల్ ఆల్బమ్‌కి ఎనిమిది పాటలు చాలు

మెటల్ (హెవీ మెటల్ రాక్ సంగీతం) ఆల్బమ్‌లో ఎన్ని పాటలుంటే బాగుంటుంది అని ఒకరు అడిగారు. ఎనిమిది. తొమ్మిదోది పెట్టాలంటే గట్టి కారణం ఉండాలి.

1997లో విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య దగ్గర మెటాలికా అనే మెటల్ బ్యాండు సీడీలు రెండు ఉండేవి, మాస్టర్ ఆఫ్ పపెట్స్, లోడ్. మా ఇంట్లో సీడీ ప్లేయర్ ఎక్కడిది, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్లు రెండు కొని, సీడీలతో పాటు రికార్డింగ్ షాపులో ఇచ్చి వచ్చాను. మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఎనిమిది పాటలు, దాదాపు 55 నిమిషాలు. ఈ వైపు నాలుగు, ఆ వైపు నాలుగు, కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. లోడ్ వేస్తే 'హీరో ఆఫ్ ది డే' సగంలో టక్కున ఆగిపోయింది. తిప్పి వేస్తే ఆ వైపూ అంతే, చివరి రెండు పాటలైతే అసలు లేనే లేవు. షాపతన్ని అడిగితే "టేపు అయిపోయింది తమ్ముడూ, నన్నేం చేయమంటావ్" అన్నాడు. పద్నాలుగు పాటలు, 79 నిమిషాలు మరి! చాలా ఏళ్లకి ఆ చివరి పాట 'ది ఔట్‌లా టార్న్' విన్నాను, ఆల్బమ్ మొత్తంలో గొప్ప పాట అదే. సీడీలో పట్టక బ్యాండు వాళ్లే దాన్ని దాదాపు ఒక నిమిషం కోశారని తెలిశాక ఇంకా మండింది. ముందున్న వాటిలో మామూలు పాట ఒకటి తీసేస్తే సరిపోయేది కదా.

వేరే బ్యాండులు చూసినా అంతే. బ్లాక్ సబ్బాత్ వాళ్ల ఆల్బమ్ పారనాయిడ్ (1970)లో పాటలు ఎనిమిదే. ఐరన్ మెయిడెన్ వాళ్ల పవర్‌స్లేవ్ (1984)లో ఎనిమిదే, అందులో చివరిది ఒక్కటే 13 నిమిషాలు దాటుతుంది, అయినా ఎక్కడా విసుగు రాదు. స్లేయర్ వాళ్ల రెయిన్ ఇన్ బ్లడ్‌లో పది ఉన్నాయిగా అంటారు, ఉన్నాయి, కానీ అన్నీ కలిపి 29 నిమిషాలే, క్యాసెట్‌లో ఈ వైపూ మొత్తం ఆల్బమే, ఆ వైపూ మళ్లీ మొత్తం ఆల్బమే వేశారు. అంత చిన్న పాటలైతే పది పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నాకు అస్సలు పడనివి బోనస్ ట్రాకులు. ఆల్బమ్ ఎక్కడ ముగియాలో బ్యాండు ఆలోచించి ముగిస్తే, దాని వెనక రెండు లైవ్ పాటలు, ఒక డెమో తగిలిస్తారు. యాప్‌లు ఇంకా ఘోరం, చివరి పాట అయ్యీ అవ్వకముందే ఇంకెవరి పాటో అందుకుంటుంది. ముందు ఆ ఆటోప్లే ఆపేయండి, తర్వాత మాస్టర్ ఆఫ్ పపెట్స్ మొదటి నుంచి పెట్టి వినండి.