ట్రైనింగ్‌లో చేరే ముందు ఐదు నెలల ఇంటి ఖర్చు చూసుకోండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నాకు 27 ఏళ్లు, ఇంటర్ మధ్యలో ఆపేశాను. నేనూ నా భార్యా పొలం కూలికి వెళ్తాం, ఒక పాప. ఇంటి ఖర్చు నెలకు 11 వేలు, నా భార్య కూలి సగటున 5 వేలు వస్తుంది. జేసీబీ ఆపరేటర్ ట్రైనింగ్ మూడు నెలలు, ఫీజు 80 వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేతిలో 18 వేలు ఉన్నాయి. మిగతాది మూడు రూపాయల వడ్డీకి తేవాలా, గొలుసు తాకట్టు పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. కూలి మానేసి పని నేర్చుకోవాలనుకోవడం చాలా మంచి ఆలోచన, అందులో వెనక్కి తగ్గకండి. కానీ మీ లెక్కంతా ఫీజు గురించే ఉంది, ఆ మూడు నెలలు ఇల్లెలా నడుస్తుందో ఒక్క ముక్క లేదు. ఇలాంటి ప్రశ్నలు పంపేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

కూలి డబ్బులు సాయంత్రానికో, వారానికో చేతికొస్తాయి. కంపెనీ జీతం అలా రాదు. జూన్ మొదట్లో చేరితే జులై రెండో వారానికి గానీ మొదటి జీతం పడకపోవచ్చు, ఈలోగా ఊరు కాని ఊళ్లో రూమ్ అడ్వాన్సు, తిండి, బస్ చార్జీలు మీవే. 15 వేలు జీతం అన్నా, ఆ జీతం మొత్తానికీ పీఎఫ్ పట్టుకుంటే 1,800, ఈఎస్ఐ 100 పైచిలుకు పోయి చేతికొచ్చేది 13 వేల చిల్లర. (ఈఎస్ఐ ఉంటే కుటుంబానికి వైద్యం దొరుకుతుంది, కాబట్టి పోయిందని బాధపడకండి.) శిక్షణ పూర్తి చేసి కూడా ఇంటికి తిరిగొచ్చేసే వాళ్లలో చాలామందికి పని రాక కాదు, మొదటి జీతం పడేలోగా ఇంట్లో జ్వరమో, అప్పులవాడి ఫోనో తట్టుకోలేక వస్తారు.

ఫీజు సంగతి కాసేపు పక్కన పెట్టి మీ ఇంటి లెక్కే చూద్దాం. ఇంటికి నెలకు 6 వేలు తక్కువ పడుతుంది. శిక్షణ మూడు నెలలు, జీతం పడేదాకా ఇంకో రెండు, మొత్తం 30 వేలు. ఊరు మారడానికి ఇంకో 10 వేలు. అంటే 40 వేలు పక్కన పెట్టాకే చేరాలి. ఇంకా 22 వేలు కావాలి. మిరప కోతల్లో ఇద్దరూ వెళ్తారు కదా, ఈ సీజన్ కూలి ముట్టుకోకుండా మీ భార్య ఖాతాలో వేయండి, కోతలు అయ్యాక వచ్చే బ్యాచ్‌లో చేరండి. నాలుగు నెలలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఇక ఆ మూడు రూపాయల వడ్డీ. ఏడాదికి 36 శాతం! 62 వేలకు నెలకు 1,860, జీతం మొహం చూడకముందే ఐదు నెలల్లో 9,300 వడ్డీకే పోతుంది. ఉద్యోగం గ్యారంటీ అని నోటితో చెప్పేవాళ్లను కాగితం మీద రాసిమ్మనండి, ఎంతమంది రాస్తారో చూడండి. దయచేసి ఆ అప్పు జోలికి వెళ్లకండి. డ్వాక్రా లోన్ కూడా దీనికి వాడొద్దు, మీ కిస్తీ ఆగితే గ్రూపులో మిగతా ఆడవాళ్లందరికీ ఇబ్బంది.

అసలు ఫీజే అక్కర్లేని శిక్షణలున్నాయి. గ్రామీణ పేద యువతకు 35 ఏళ్ల దాకా డీడీయూ జీకేవై అనే కేంద్ర ప్రభుత్వ ఉచిత శిక్షణ పథకం ఉంది, మన రాష్ట్రంలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. సొంతంగా మోటారు రివైండింగ్, బైక్ మెకానిక్ లాంటివి చేసుకోవాలనుకుంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ శిక్షణ కేంద్రంలో భోజనం, వసతితో సహా ఉచితం. జేసీబీయే కావాలంటే ముందు ఏ ఆపరేటర్ దగ్గరైనా హెల్పర్‌గా చేరే దారి వెతకండి.

బీమా సంగతి: బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ వెంటనే చేయించుకోండి.

ఈ వారమే మండలంలో డ్వాక్రా సంఘాలను చూసే వెలుగు ఆఫీసుకు వెళ్లి వేసవి తర్వాతి బ్యాచ్‌లు ఎప్పుడో, ఏ కోర్సులో ఏ కంపెనీలకు పంపుతున్నారో అడగండి. పోయిన బ్యాచ్ వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని, మొదటి జీతం ఎన్నో రోజుకు పడిందో కనుక్కోండి.