తుపాను అలర్ట్ తమ్ముడి ఫోన్‌కే ఎందుకొచ్చింది?

ప్రశ్న: తుపాను హెచ్చరిక వచ్చి మా తమ్ముడి ఫోన్ సైరన్‌లా మోగింది. పక్కనే ఉన్న నా ఆండ్రాయిడ్ ఫోన్ ఉలుకూ పలుకూ లేదు. రెండింటికీ సిగ్నల్ ఉంది. - ఓ పాఠకుడు, బాపట్ల

జవాబు: అది ఎస్సెమ్మెస్ కాదు, సెల్ బ్రాడ్‌కాస్ట్. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకూ విడిగా వెళ్లాలి కాబట్టి నెట్‌వర్క్ రద్దీలో ఇరుక్కుంటుంది. బ్రాడ్‌కాస్ట్‌లో ఎంపిక చేసిన టవర్లు ఒకే సందేశాన్ని మళ్లీమళ్లీ ప్రసారం చేస్తాయి, పరిధిలోని ఫోన్లన్నీ అందుకుంటాయి. నంబరు, డేటా, జీపీఎస్ ఏవీ అక్కర్లేదు. 2023లో టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) రాష్ట్రాలవారీగా పరీక్షించింది దీన్నే.

ముందు సెట్టింగ్స్‌లో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’, అందులో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ తెరవండి. కంపెనీని బట్టి ఇది వేరేచోట ఉంటుంది. సెట్టింగ్స్ సెర్చ్‌లో ‘వైర్‌లెస్’ అని కొడితే దొరుకుతుంది. ‘అలో అలర్ట్స్’, ‘ఎక్స్‌ట్రీమ్ థ్రెట్స్’, ‘సివియర్ థ్రెట్స్’ మూడూ ఆన్‌లో ఉండాలి. ఒకసారి అర్ధరాత్రి మోగిందని విసుక్కుని వీటిని ఆపేసేవాళ్లే ఎక్కువ. ‘టెస్ట్ అలర్ట్స్’ చాలా ఫోన్లలో మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది; ట్రయల్ సందేశం రాలేదంటే కారణం అదే కావచ్చు.

అన్నీ సరిగానే ఉంటే సిమ్ చూడండి. తమ్ముడిది వేరే కంపెనీదైతే అతని ఫోన్ పట్టుకున్న టవర్ వేరు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై వాడుతున్నా అలర్ట్ రాదు. దీనిమీదే ఆధారపడకుండా ఎన్‌డీఎంఏ వారి ‘సచేత్’ యాప్ కూడా పెట్టుకోండి.

ప్రశ్న: దామిని యాప్ తెరిస్తేనే పిడుగుల సమాచారం కనిపిస్తోంది. నోటిఫికేషన్ రావడం లేదు. - ఓ రైతు, మహబూబ్‌నగర్

జవాబు: ఫోను బ్యాటరీ మిగిల్చే పనిలో యాప్‌ను నిద్రపుచ్చుతోంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’కు, లొకేషన్‌ను ‘అలో ఆల్ ద టైమ్’కు మార్చండి. దామినికి డేటా కావాలి, పొలంలో అది లేకపోతే చెవులే దిక్కు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో పడినట్టు. అంతకన్నా తక్కువైతే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి.

ప్రశ్న: తుపానుకు కరెంటు పోతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సరిపోతుందా?

జవాబు: ఆ లెక్క లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గరిది. ఫోన్‌కు ఇవ్వడానికి దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడయ్యే నష్టం పోగా చేతికొచ్చేది 6,000 చిల్లర. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకసారి నింపి కొంచెం మిగులుతుంది. పొదుపు కోసం డేటా, వైఫై, బ్లూటూత్ ఆపండి. ఫ్లైట్ మోడ్ మాత్రం వద్దు.