పాత రాక్ అండ్ రోల్ పాటల్లో మోత తప్ప సాహిత్యం ఏమైనా ఉందా?

ఉంది. లేదనేవారు గిటారు దగ్గరే ఆగిపోయారని నా గట్టి నమ్మకం. నేనూ చాలా ఏళ్లు అలాగే విన్నాను.

ఉద్యోగరీత్యా కొంతకాలం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్నాను. రాక్ అండ్ రోల్ పాటలు తానే రాసి పాడిన నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ పుట్టి పెరిగిన ఊరు అది. ఒక చలికాలం ఉదయం నా కారు మొరాయిస్తే పక్కింటి పెద్దాయన తన కారులో ఆఫీసుకు బయలుదేరదీశారు. ఆయన నల్లజాతివారు, డెబ్బైకి దగ్గర పడ్డారు. రేడియోలో బెర్రీ పాట 'జానీ బి. గూడ్' వచ్చింది. నేను మోకాలి మీద తాళం వేస్తూ పల్లవి అందుకున్నాను. పాట అయ్యాక ఆయన రేడియో కట్టేసి, అదే పాటను కథ చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. లూసియానా అడవుల్లో మట్టి, దుంగలతో కట్టిన గుడిసె. చదువు సరిగా అబ్బని పల్లెటూరి కుర్రవాడు. గోనెసంచిలో గిటారు పెట్టుకుని వెళ్లి, రైలు పట్టాల పక్కన చెట్టు కింద కూర్చుని రైళ్ల లయకు వాయిస్తుంటాడు. గోనెసంచి అనగానే నాకు గొంతు పట్టేసింది. మా ఊరి భజన బృందం హార్మోనియం కూడా గోనెసంచిలోనే వచ్చేది. అన్నిసార్లు విన్న పాటలో ఆ సంచి నాకు ఒక్కసారీ కనబడలేదు.

తరువాత ఆయన అడిగారు: "ఆ పల్లెటూరి కుర్రవాడు ఎవరనుకున్నావు?" బెర్రీ మొదట రాసుకున్నది 'నల్ల కుర్రవాడు' అని. అలా ఉంటే రేడియోలో వేయరని 'పల్లెటూరి' అని మార్చానని బెర్రీయే చెప్పాడు. పాట విడుదలైంది 1958లో. గూడ్ అన్నది బెర్రీ పుట్టిన వీధి పేరు. ఒక మాట తీసేసినా తన వీధిని మాత్రం పాటలో ఉంచుకున్నాడు. ఇది సాహిత్యం కాకపోతే మరేది?

ఈ పాటల రచయితలకు దక్కిన మర్యాద తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 1955లో వచ్చిన 'మేబెలీన్' బెర్రీ రాసిన పాట. రచయితల పేర్లలో మాత్రం రేడియోలో పాటలు వేసే అలన్ ఫ్రీడ్ పేరు కూడా చేరింది. పాట పూర్తి హక్కు బెర్రీకి తిరిగి వచ్చేసరికి 1986 అయింది. అదే 1955లో నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ పాడిన 'టూటీ ఫ్రూటీ'ని తెల్లజాతి గాయకుడు పాట్ బూన్ సాపు చేసి పాడితే, పాప్ జాబితాలో అసలుకన్నా నకలే పైకి వెళ్లింది.

మీకు ఇంకా సందేహం ఉంటే బెర్రీదే 'మెంఫిస్, టెనెసీ' వినండి. మేరీ అనే అమ్మాయితో ఎలాగైనా ఫోను కలపమని ఒకడు ఆపరేటరును బతిమాలుతుంటాడు. ప్రేమ పాటే కదా అని మధ్యలో ఆపేయకండి. మేరీ ఎవరో చివరి చరణంలో గానీ తెలియదు.