అమెరికన్ జాజ్ బేస్ వాద్యకారుడు రాన్ కార్టర్ ఒక్కరే అన్ని వేల రికార్డింగుల్లో ఎలా వాయించగలిగారు?

2015లో గిన్నిస్ లెక్క: 2,221 రికార్డింగులు. 1963–68లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం, 1991లో హిప్‌హాప్ బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్, మధ్యలో ఎందరితోనో.

పునాది చెల్లో, అంటే వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం. 1937లో మిషిగన్‌లో పుట్టి, పదేళ్లకు చెల్లో పట్టారు. నల్లజాతి చెల్లో విద్వాంసులకు అవకాశాలు దక్కని రోజులవి. హైస్కూల్లోనే ఇంకా పెద్దదైన, మరింత మంద్రంగా పలికే డబుల్ బేస్‌కు మారారు. ఆ మార్పు చిన్నది కాదు. చెల్లోలో పక్క తీగకు స–ప దూరం, బేస్‌లో స–మ. వేళ్ల లెక్కంతా మారుతుంది. వీణకున్నట్టు మెట్లు లేవు కాబట్టి వేలు కాస్త జరిగినా అపస్వరమే.

పిలుపులు ఆగకపోవడానికి అసలు కారణం, నా దృష్టిలో, నిక్కచ్చి శ్రుతి, నోటేషన్ చూడగానే వాయించే నేర్పు. అందరూ ఒకే గదిలో వాయించే రికార్డింగులో బేస్ తప్పితే ఆ మోత మిగతా మైకుల్లోకీ పాకుతుంది. దాన్నొక్కదాన్నే దిద్దడం కష్టం, చాలాసార్లు పాటంతా మళ్లీ తీయాలి.